గొంగడి లీజు పత్రం

ఒక ప్రభుత్వ కార్యాలయం కూలిపోవాలన్నా దానికి యోగ్యత ఉండాలి! ఇష్టం వచ్చినప్పుడు కూలిపోవడానికి అదేమన్నా ప్రైవేటు ఇల్లా? ప్రతిపాదన వెళ్లాలి, పరిశీలన జరగాలి, సిఫారసు రావాలి, ఆమోదం దొరకాలి. ఆ మెట్లన్నీ ఎక్కి, మా ఎర్రగుట్టపల్లి పురపాలక కార్యాలయం పోయిన ఏడాది సగర్వంగా శిథిల భవనం అనిపించుకుంది.

మా ఊరిని మీరు చూసే ఉంటారు. నార్కట్‌పల్లి దాటాక, నకిరేకల్ రాకముందు, హైవే పక్కనే ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ బస్సులు ఆగవు గనక చూసినట్టు గుర్తుండదు. మొన్నమొన్నటి దాకా గ్రామ పంచాయతీ. ఒకనాడు పొద్దున నిద్ర లేచేసరికి మున్సిపాలిటీ అయ్యాం. బోర్డు మారింది, పన్నులు మారాయి, సర్పంచి పోయి చైర్మన్ వచ్చాడు. భవనం మాత్రం పాతదే మిగిలింది.

నా పేరు రామచంద్రయ్య. సీనియర్ అసిస్టెంటును. లీజుల సెక్షను నాది. మున్సిపాలిటీ జాగా ఎవరికిచ్చాం, ఎన్నేళ్లకిచ్చాం, ఏ షరతు మీద ఇచ్చాం అన్నది ఈ ఊళ్లో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నేను రాసిన నోటు మీద పైఅధికారి ఒక్క అక్షరం దిద్దిన సందర్భం లేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. తరువాత జరిగినదానికి అవసరం గనక ముందే చెప్పి ఉంచుతున్నాను.

శిథిలం అనిపించుకోవడం అంత తేలిక కాదని మాకు ఇంజినీరు గారు వచ్చిన రోజే తెలిసింది. ఆయన సుత్తితో గోడను కొట్టి చూశారు. అది డంగుసున్నం గోడ, కదల్లేదు. కాస్త గట్టిగా కొట్టమని మా కమిషనర్ నాగేందర్ గారు వినయంగా కోరారు. మూడో దెబ్బకు సుత్తి కామ విరిగి కింద పడింది. "తనిఖీ సమయమున ఒక భాగము విరిగి పడినది" అని రిపోర్టులో రాశారు. ఏ భాగమో రాయాలని నియమం లేదు.

ఆరు నెలలకు ఉత్తర్వు వచ్చింది. ప్రజలకు సత్వర, పారదర్శక సేవలు అందించు నిమిత్తం పాత భవనమును తొలగించి సమీకృత కార్యాలయ సముదాయము నిర్మించుటకు ప్రభుత్వము ఆమోదించినది అని దాని సారాంశం. ఆ పారదర్శక అనే మాట దగ్గర నాగేందర్ గారు ఆగి, మళ్లీ చదివి, చాయ్ తెప్పించారు.

ఇక అసలు సంగతి. ఆఫీసు ప్రహరీకి ఆనుకుని రోడ్డు వైపు మున్సిపాలిటీ మల్గీలు పద్నాలుగున్నాయి. మల్గి అంటే చిన్న దుకాణం గది, రేకు షట్టరు, లోపల ఒక మనిషి, బయట ఒక బెంచీ. భవనంతో పాటు ఇవీ పోతాయి. కొత్త సముదాయంలో కింది అంతస్తులో పద్నాలుగు దుకాణాలు కడతారు. లీజు సక్రమంగా ఉన్నవారికి వాటిని ఇవ్వాలి, లేనివారు వారం రోజుల్లో ఖాళీ చేయాలి. ఎవరిది సక్రమం, ఎవరిది కాదు అన్నది తేల్చే సర్వే బాధ్యత సహజంగానే నా మీద పడింది.

సర్వే నియమం చాలా సులువు. లీజుదారు స్వయంగా వచ్చి, లీజు కాగితం చూపించి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. పదమూడు మంది ఠంచనుగా వచ్చారు. ఇద్దరు చౌటుప్పల్ నుంచి, ఒకాయన హైదరాబాదు నుంచి కారేసుకుని వచ్చారు. తన మల్గి ఏదో ఆ హైదరాబాదాయన నన్నే అడిగి తెలుసుకున్నాడు. నాలుగో నంబరు కటింగు షాపు లీజుదారు హనుమంతు, మా చైర్మన్ కాటమయ్య గారి బామ్మర్ది. ఆయన కత్తెర పట్టగా ఎవరూ చూడలేదు. తొమ్మిదో నంబరు పంక్చరు షాపు లీజుదారు ఒక గృహిణి. చాలా మర్యాదస్తురాలు. నాకు వ్యక్తిగతంగా తెలుసు.

మల్గీల్లో కూర్చుని చెమటోడ్చేవాళ్లు వేరే. వాళ్లు ఈ లీజుదారులకు నెలనెలా కిరాయి ఇచ్చుకుంటారు. అలా తిప్పి కిరాయికి ఇవ్వకూడదని లీజులో షరతు ఉన్న మాట వాస్తవం. కానీ నా సర్వే ఫారంలో లోపల ఎవరు కూర్చున్నారు అనే గడి లేదు. లేని గడిని నేనెలా నింపుతాను? పదమూడు లీజులూ సక్రమం అని రాశాను.

పద్నాలుగోది ఏడో నంబరు మల్గి. సరిగ్గా ఆఫీసు గేటు పక్కన. దాని లీజుదారు ఎల్లస్వామి సర్వేకు రాలేదు. రాలేని కారణం ఆయన చనిపోయి ఆరేళ్లు కావడం. మల్గిలో ఆయన భార్య నర్సింగమ్మ కూర్చుంటుంది. గొర్రెల మెడ గంటలు, బొచ్చు కత్తెరలు, పలుపుతాళ్లు అమ్ముతుంది, చిరిగిన గొంగళ్లు కుడుతుంది. మందలు తోలుకుని పోయే గొల్ల కురుమలకు ఆ మల్గి దగ్గర ఒక ఆగుడు ఉంటుంది. లీజును తన పేరిట మార్చమని ఆమె ఆరేళ్ల కిందటే దరఖాస్తు పెట్టుకుంది. ఆ ఫైలు ఎక్కడికీ పోలేదు. నా టేబులు మీదే ఉంది, రోజూ దాని మీదే చాయ్ గ్లాసు పెట్టుకుంటాను.

కాబట్టి నియమం ప్రకారం నోటీసు తయారు చేశాను. "శ్రీ ఎల్లస్వామి (లేటు) గారికి తెలియజేయునది ఏమనగా, తాము సర్వేకు స్వయముగా హాజరు కానందున..." అని మొదలుపెట్టి, గడువు ముగియగానే మల్గిని ఖాళీ చేసి మున్సిపాలిటీకి స్వాధీనపరచవలెననీ, లేనిచో ఎటువంటి ముందస్తు సమాచారము లేకుండా తిరిగి స్వాధీనము చేసుకొనబడుననీ, ఇందులో హోదా గానీ పలుకుబడి గానీ లెక్కచేయబడవనీ ముగించాను. ఆ చివరి వాక్యం నా సొంతం. చాలా బాగా కుదిరిందని నాగేందర్ గారు కూడా అన్నారు.

నోటీసు నేనే తీసుకెళ్లి చదివి వినిపించాను. నర్సింగమ్మ సూదీ దారం పక్కన పెట్టి చివరి దాకా విన్నది.

"సచ్చిపోయిన మనిషి సర్వేకు రాలేదని రాసిండ్రా సారు?" అన్నది.

రికార్డు ప్రకారం రాలేదనే చెప్పాలి అన్నాను. తన దరఖాస్తు సంగతి అడిగింది. పరిశీలనలో ఉంది అన్నాను. ఆరేళ్ల సంది పరిశీలన చేస్తున్నారంటే దాంట్లో ఏదో గొప్ప సంగతి ఉండి ఉంటదని ఆమె అన్నది. వెక్కిరించిందో నిజంగానే అన్నదో ముఖం చూస్తే తెలియలేదు. తీసుకున్నట్టు సంతకం పెట్టమన్నాను. మొగుడి బదులు పెట్టాల్నా, నా తరపున పెట్టాల్నా అని అడిగింది. అది కూడా పరిశీలించి చెబుతానని వచ్చేశాను.

ఈ మల్గి పోతే ఆమెకు వేరే ఆధారం లేదు. అత్త గోపమ్మ మంచం మీద ఉంది. కూతురు మమత నల్గొండలో డిగ్రీ చదువుతోంది. రోడ్డు మీద కూర్చుని గంటలు అమ్ముకుందామంటే సమీకృత సముదాయం ముందు అడ్డంకులు ఉండరాదని ఇంకో ఉత్తర్వు సిద్ధంగా ఉంది. దాన్నీ నేనే రాశాను.

వారం గడువులో నాలుగో రోజున శంకుస్థాపన పెట్టారు. మంత్రి గారు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన పేరు రాయను, రాస్తే ఇంకెక్కడి నుంచి నోటీసు వస్తుందో తెలియదు. ఆయన గొర్రెల మంద వెనక నడిచి పెరిగిన ఇంటి బిడ్డ అని మాత్రం చెబుతాను. ఆ మాట వినగానే నాగేందర్ గారు నన్ను పిలిచి, గొంగడి సంగతి జర చూడమన్నారు.

మా వైపు పెద్ద మనిషి ఎవరొచ్చినా శాలువాతో సరిపెట్టడం మర్యాద కాదు. భుజాన నల్ల గొంగడి కప్పాలి, చేతుల్లో గొర్రెపిల్లను పెట్టాలి, అప్పుడు ఫొటో తీయాలి. ఈ ఊరికి వచ్చిన ప్రముఖులందరినీ ఇన్నేళ్లుగా సత్కరించింది ఒకే ఒక్క గొంగడి! గోపమ్మ ఉన్ని వడికి, ఎల్లస్వామి మగ్గం మీద నేసినది. ఎర్ర అంచుతో, వాన నీళ్లు కూడా దిగనంత దిట్టంగా ఉంటుంది. అలాంటిది ఇప్పుడు నేసేవాళ్లు మా ఊళ్లో లేరు. ఫొటో అయ్యాక పెద్ద మనిషికి మెడ దగ్గర గుచ్చుకోవడం మొదలవుతుంది. ఆయన పీయే దాన్ని తీసి నాకిస్తాడు, నేను మడతపెట్టి ఏడో నంబరు మల్గిలో ఇచ్చేస్తాను. నర్సింగమ్మ ఎన్నడూ దానికి ఏమీ అడగలేదు. ఊరి పరువు కదా అనేది. గొర్రెపిల్లను కూడా ఆమే మరిది మందలోంచి తెప్పించేది.

నోటీసు ఇచ్చిన చేత్తోనే గొంగడి అడగడానికి వెళ్లాను. ప్రభుత్వోద్యోగి కష్టాలు బయటివాళ్లకు అర్థం కావు. మామూలుగా ఆమెను నర్సింగమ్మా అని పిలుస్తాను. ఆ రోజు మాత్రం నర్సింగక్కా అనే పిలుపు దానంతటదే వచ్చింది.

ఆమె గొంగడి ఇవ్వనన్లేదు. "ఇన్నేండ్లు నోటిమాట మీద ఇచ్చిన సారు. ఇప్పుడు నోటిమాట మీద మనసు లేదు. కాయితం రాయుండ్రి" అన్నది.

ఏం రాయాలో చెప్పమన్నాను.

"నా నోటీసుల ఏమున్నదో గదే రాయుండ్రి. మల్గి అన్న కాడ గొంగడి అని పెట్టుండ్రి. మున్సిపాలిటీ అన్న కాడ నర్సింగమ్మ అని పెట్టుండ్రి."

మంత్రి గారు మర్నాడే వస్తున్నారు. ఇంకో గొంగడి కోసం వెతికే వ్యవధి లేదు. బజారులో దొరికే మిల్లు గొంగడి కప్పితే గొర్రెల కాపరి ఇంటి బిడ్డ ఇట్టే పట్టేస్తాడు. ఆమె గల్లా పెట్టె మీదే కాగితం పెట్టుకుని రాశాను. గొంగడి లీజు వ్యవధి ఫొటో ముగియు వరకు మాత్రమే. గొంగడిని ఇతరులకు తిప్పి ఇవ్వరాదు. గడువు ముగియగానే స్వయముగా స్వాధీనపరచవలెను, లేనిచో ఎటువంటి ముందస్తు సమాచారము లేకుండా తిరిగి స్వాధీనము చేసుకొనబడును. ఇందులో హోదా గానీ పలుకుబడి గానీ లెక్కచేయబడవు. రాసిన తరువాత చదువుకుంటే గొంగడికి కూడా ఆ వాక్యం ఎంతో చక్కగా అమరింది. ఆఫీసు ముద్ర వేసి, కమిషనర్ తరఫున అని సంతకం పెట్టి ఇచ్చాను. ఒక ఆడమనిషి ముచ్చట తీర్చాననుకున్నాను.

శంకుస్థాపన ఘనంగా జరిగింది. శిలాఫలకం మీద ఇరవై ఆరు పేర్లు చెక్కించారు, ఊరి పేరుకు చోటు చాలక చిన్నక్షరాల్లో వేయాల్సి వచ్చింది. తెర తీసేలోపే గొర్రెపిల్ల బంతిపూల దండ సగం మేసేసింది. దాన్ని మంత్రి గారి చేతుల్లో పెట్టి, చైర్మన్ కాటమయ్య గారు గొంగడి కప్పారు. ఫొటోలు తీశారు. పీయే అలవాటు ప్రకారం చెయ్యి చాచాడు.

మంత్రి గారు ఇవ్వలేదు. గొర్రెపిల్లను దించి, గొంగడి అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. తరువాత మైకు ముందుకు వెళ్లి, వాళ్ల బాపు ఇలాంటి గొంగడి కప్పుకునే వానలో మంద కాసి తనను చదివించాడని చెప్పారు. ముందు వరుసలో కూర్చున్న ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, అబద్ధం చెప్పను.

"గీ గొంగడి నేనియ్య. మా ఇంటికి తీస్కపోత" అన్నారాయన.

సభ చప్పట్లతో దద్దరిల్లింది. అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది నాగేందర్ గారు. నేను మాత్రం ఏడో నంబరు మల్గి వైపు చూశాను. నర్సింగమ్మ అప్పటికే లేచి వస్తోంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో కాగితం. వేదిక దగ్గర కానిస్టేబులు ఆపాడు. ఆమె కాగితం చూపించింది. ప్రభుత్వ ముద్ర చూసి అతను పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"సారూ, గొంగడి ఇయ్యుండ్రి. గడువు అయిపోయింది" అన్నది నర్సింగమ్మ.

మంత్రి గారు కాగితం తీసుకున్నారు. మైకు ఎదురుగానే ఉందన్న ధ్యాస లేకుండా పైకే చదివారు. ఫొటో ముగియు వరకు మాత్రమే అన్న దగ్గర సభ నవ్వింది. హోదా గానీ పలుకుబడి గానీ అన్న దగ్గర ఎవరూ నవ్వలేదు, అందరూ ఆయన ముఖం వంక చూశారు. నవ్వింది ఆయనే. ఇంత గట్టి వకీలు నీకెక్కడ దొరికిండమ్మా అని అడిగారు.

"వకీలు కాదు సారూ, మీ ఆఫీసుల రామచంద్రయ్య సారే. ముందుగాల నాకు రాసిండు, ఎనక మీకు రాసిండు" అని ఆమె రెండో కాగితం తీసింది. అది నా నోటీసు. ఎల్లస్వామి లేటు గారికి రాసినది.

మంత్రి గారు దాన్ని కూడా చదివారు. ఈసారి మైకులో కాదు. చదివి నాగేందర్ గారి వైపు తిరిగారు. నాగేందర్ గారు నా వైపు తిరిగారు. నేను వెనక్కి తిరిగి చూశాను. నా వెనక గొర్రెపిల్ల తప్ప ఎవరూ లేరు.

ఆయన గొంగడి తీసి, నాలుగు మడతలు పెట్టి, రెండు చేతులా నర్సింగమ్మకు ఇచ్చారు. ఆమె కళ్లకద్దుకుని తీసుకుంది. అంతటితో వదిలేస్తే ఎంత బాగుండేది! ఆయన మళ్లీ మైకు పట్టుకున్నారు.

"రేపు పొద్దుగాల తొమ్మిదింటికి మా ఆఫీసరు వస్తది. ఏ మల్గిల ఎవలు కూసోని పని చేసుకుంటుంటే గా మల్గి వాళ్లదే."

మల్గీల్లో పని చేసుకునేవాళ్లు ఈలలు వేశారు. పదమూడు మంది లీజుదారులు కూడా చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టరు? రోజు చెప్పారు, గంట చెప్పారు, ఎక్కడ కూర్చోవాలో చెప్పారు. ముందే మైకులో చెప్పిన తనిఖీకి హాజరు కావడంలో ఏం కష్టముంది?

మర్నాడు ఎనిమిదిన్నరకే ఆఫీసు ముందు పండగ వాతావరణం ఏర్పడింది. హైదరాబాదాయన సెల్‌ఫోన్ల మల్గిలో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. హనుమంతు కటింగు షాపులో తెల్లటి అంగీ వేసుకుని కుర్చీ వెనక నిలబడ్డాడు. అసలు దుకాణదారులంతా రోడ్డుకు అవతల, తమ దుకాణాలకు తామే గిరాకీల్లా నిలబడి చూస్తున్నారు. ఎవరైనా నోరు విప్పితే రేపటి నుంచి ఆ నీడ కూడా ఉండదని వాళ్లకు చెప్పి ఉంచారు. తొమ్మిదో నంబరులో పంక్చర్లు వేసే సైదులుకు నేనే చెప్పాను. ఒక్క పూట మిర్యాలగూడ పోయి రమ్మన్నాను. పోకుండా అక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నేనెందుకు చెప్పానని అడుగుతారేమో. తొమ్మిదో నంబరు లీజుదారు ఒక గృహిణి అనీ, నాకు తెలిసిన మనిషనీ మొదట్లోనే చెప్పాను. ఆవిడ పేరు పుష్ప. మా ఇంట్లోనే ఉంటుంది. నా భార్య. దాచాలని కాదు, చెప్పే సందర్భం రాలేదు.

పుష్ప పోచంపల్లి పట్టుచీర కట్టుకుని ఏడింటికే వచ్చింది. శుభ్రమంటే ఆమెకు ప్రాణం. ట్యూబు ముంచి చూసే తొట్టిలో నీళ్లు నల్లగా ఉన్నాయని పారబోసి, తొట్టి తోమి బోర్లించింది. పానాలన్నీ చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరసగా పేర్చింది. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, పంక్చరు షాపు ముందు పద్మం ముగ్గు వేసింది! వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. వద్దన్నా ఆగే మనిషి కాదు.

తొమ్మిదింటికి ఆఫీసరు వర్షిత గారు స్కూటీ మీద వచ్చారు. చిన్న వయసు, తక్కువ మాట. వెంట తెచ్చుకున్న ఫారంలో ఒక గడి ఉంది. "లోపల ఎవరు ఏం పని చేయుచున్నారు." నా ఫారంలో లేని గడి అది.

నాలుగో నంబరు దగ్గరికి వచ్చేసరికి కుర్చీలో లచ్చయ్య తాత కూర్చుని ఉన్నాడు. ఆయన ప్రతి బుధవారం గడ్డం గీయించుకుంటాడు. లోపల మనిషి మారిన సంగతి చూపు ఆనక ఆయన గమనించలేదు. కానియ్యండి, నేను చూస్త అన్నారు వర్షిత గారు. హనుమంతు నురగ పూశాడు. చెవులకు కూడా పూశాడు. తరువాత కత్తి తీసుకుని, రెండో చెయ్యి ఎక్కడ ఆనించాలో తెలియక ముసలాయన ముక్కు పట్టుకున్నాడు. లచ్చయ్య తాత ఒక్క ఉదుటున లేచి, మెడలో గుడ్డతో, ముఖం నిండా నురగతో నకిరేకల్ వైపు నడిచి వెళ్లిపోయాడు. వర్షిత గారు ఫారంలో ఏదో రాసుకున్నారు.

తొమ్మిదో నంబరు ముందు ఆమె ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వచ్చారు. ఇంత శుభ్రమైన పంక్చరు షాపు తను ఎక్కడా చూడలేదన్నారు. పుష్ప సంతోషపడింది. స్కూటీ ముందు టైరులో గాలి తక్కువగా ఉంది, కాస్త కొట్టమని అడిగారు వర్షిత గారు. పుష్ప కంప్రెసర్ వైపు చూసింది. పైపు వైపు చూసింది. నా వైపు చూసింది. చివరికి రోడ్డు అవతలికి కేకేసింది.

"సైదులూ, గాలి ఏడ పెట్టినవ్?"

సైదులు నవ్వకుండా ఉండటానికి పెదవి కొరుక్కున్నాడు. రోడ్డు మాత్రం నవ్వింది.

వర్షిత గారు నర్సింగమ్మను పిలిచారు. ఈ వరసలో మొదటి నుంచీ ఇక్కడే కూర్చునే మనిషి నువ్వొక్కదానివే అట గదా, నీకు తెలుసు గదా, ఈమె ఎవరు అని అడిగారు. నర్సింగమ్మ పుష్పను చూసింది, తరువాత నన్ను చూసింది. మా ఇంట్లో పెళ్లికి తన గొంగడి పరిచి పీటలు వేసుకున్నాం. పుష్పకు జ్వరమొస్తే దవాఖానకు తోడు వెళ్లింది ఆమే. నా పరువు ఆమె నోట్లో ఉంది. ఒక్క మాట, తెలుసు అంటే చాలు!

"తెలుసు మేడం. పుష్పమ్మ మంచి మనిషి. గని గీ మల్గిల ఇయ్యాల్నే చూస్తున్న."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కోపం కూడా లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది. అందరి ముందు నాకు సిగ్గేసింది, తల ఎత్తలేకపోయాను.

ఆ తరువాత వర్షిత గారు ఏడో నంబరు ఫైలు అడిగారు. తెచ్చి ఇచ్చాను. అట్ట మీద చాయ్ గ్లాసు ముద్రలు గుండ్రంగా ఒకదాని మీద ఒకటి, తెల్ల జాగా లేకుండా ఉన్నాయి. ఇదేనా పరిశీలన అని ఆమె అడిగారు. దరఖాస్తు లోపల అన్ని కాగితాలూ మొదటి రోజే సరిగ్గా ఉన్నాయి. అక్కడే, నా టేబులు మీదే, పది నిమిషాల్లో లీజు నర్సింగమ్మ పేరిట మారిపోయింది. ఆరేళ్లు పట్టే పని కాదని నాకూ తెలుసు.

కొత్త సముదాయంలో పద్నాలుగు దుకాణాలూ పని చేసుకునేవాళ్లకే రాశారు. తాను మొదటి నుంచీ చెబుతున్నది ఇదేనని కాటమయ్య గారు పత్రికలకు చెప్పారు. నాగేందర్ గారు విచారణ నివేదికలో "లీజుల సెక్షను యొక్క తీవ్ర నిర్లక్ష్యము" అని రాశారు. ముత్యాల్లాంటి వాక్యం. ఎవరు రాసిచ్చారో గానీ వాళ్లకు నా శైలి బాగా పట్టుబడింది. నాకు అచ్చంపేట వైపు బదిలీ అయింది.

బదిలీ అయినవాడికి వీడ్కోలు సభ పెట్టడం మా ఆఫీసు మర్యాద. కూలగొట్టబోయే హాల్లోనే పెట్టారు. నిజాయితీకి మారుపేరు రామచంద్రయ్య అని కాటమయ్య గారన్నారు. ఆయన నోట్సు ఈ ఆఫీసుకు ఆస్తి అని నాగేందర్ గారన్నారు. నివేదిక మీద సంతకం పెట్టిన చెయ్యి, నా చెయ్యి పట్టుకుని ఊపిన చెయ్యి ఒకటే. అయినా వింటుంటే నాకు నిజమే అనిపించింది. పొగడ్త ఎవరి నోట్లోంచి వచ్చిందని చూసుకునే తీరిక ఆ సమయంలో ఉండదు.

ఇంతలో గొంగడి తెచ్చారు. నేను ఎందరికో కప్పించిన ఎర్ర అంచు గొంగడి. నా జాగాలో వచ్చిన గుమాస్తా పొద్దునే ఏడో నంబరుకు వెళ్లి, నేను రాసిన పత్రాన్ని చూసి నకలు దించి, ముద్ర వేసి తెచ్చాడట. నాగేందర్ గారు నా భుజాల మీద కప్పారు. అది ఇంత బరువని నాకు అప్పటి దాకా తెలియదు. ఎప్పుడూ మడతపెట్టి మోశాను గానీ కప్పుకోలేదు. గొర్రెల వాసన, పొగ వాసన, ఎండిన వాన వాసన వేసింది. కాసేపు అలాగే ఉండనిస్తే బాగుండుననిపించింది. ఫొటో తీశారు. నవ్వమన్నారు, నవ్వాను.

వేదిక దిగాను. మెట్ల దగ్గర నర్సింగమ్మ కాగితం పట్టుకుని నిలబడి ఉంది. ముఖంలో ఆదరమే ఉంది. అచ్చంపేటలో నీళ్లు జర చూసి తాగమని, పుష్పమ్మను అడిగిన అని చెప్పమని అన్నది. ఇంకా ఏమన్నా అంటుందేమోనని ఆగాను. ఆమె రెండు చేతులూ చాచింది.

"ఫొటో అయిపోయింది సారు. ఖాళీ చెయ్యుండ్రి."